టెలిస్కోప్ డేటా ఇస్తే సరిపోతుందా, దాన్ని శుద్ధి చేసే కోడ్ కూడా ఇవ్వాలా?

ధ్రువతార:
పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ డేటాను కొంత గడువు దాటాక ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. కానీ చేతికొచ్చేది ఫొటో కాదు. 30 డిష్‌లలో ఒక్కో జత అందుకున్న సంకేతాల అంకెల గుట్ట అది. దాన్ని ఆకాశ చిత్రంగా మార్చే స్క్రిప్టులు చాలాసార్లు ఒకరిద్దరి లాప్‌టాప్‌లలోనే ఉండిపోతాయి. ప్రజల డబ్బుతో జరిగిన పరిశీలన అయితే, పేపర్‌తో పాటు కోడ్ కూడా బయట పెట్టాల్సిందే అంటాను.

ఎందుకంటే 2010-12 మధ్య ఇదే టెలిస్కోప్‌తో 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశ సర్వే చేశారు. ఖగోళ శాస్త్రవేత్త హుయిబ్ ఇంటెమా బృందం ఆ పాత ముడి డేటాను తీసుకుని, ఆయన రాసిన స్పామ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మళ్ళీ మొదటి నుంచి శుద్ధి చేసి 2017లో ఫలితాలు ప్రచురించింది. మొత్తం ఆకాశంలో 90 శాతం, 6 లక్షలకు పైగా రేడియో మూలాలు (రేడియో తరంగాలు వెలువరించే వస్తువులు)! కొత్తగా ఒక్క రాత్రి కూడా పరిశీలన చేయలేదు. ఆ ఫలితాలన్నీ పాత డేటాలోనే ఉన్నాయి, బయటికి తీసే పద్ధతే కావాల్సి వచ్చింది.

పీహెచ్‌డీ మూడో ఏడు:
ధ్రువతార గారూ, స్పామ్ రాసేనాటికే ఆయన అనుభవజ్ఞుడు. నా సంగతి వేరు. నా థీసిస్‌లో సగం ఆ స్క్రిప్టే. ఇప్పుడే బయట పెడితే, పెద్ద గ్రూపువాళ్ళు నాలుగు రోజుల్లో దాన్ని నడిపించి నాకంటే ముందే పేపర్ వేసేస్తారు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఇంటర్వ్యూలో పేపర్లు లెక్కపెడతారు కానీ, నేను ఎంతమందికి కోడ్ ఇచ్చానో అడగరు. పైగా ఒకసారి కోడ్ పెట్టామంటే 'నా సిస్టమ్‌లో నడవట్లేదు' అని మెయిళ్ళు మొదలవుతాయి. వాటికి జవాబివ్వడం ఎవరి పని?

డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ మాస్టారు:
నేను జిల్లా కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి. మా పిల్లలకు కోడ్ దొరకడం ఇప్పుడంత కష్టం కాదు. జీఎంఆర్‌టీ డేటా కోసమే క్యాప్చర్ అనే పైప్‌లైన్‌ను (శుద్ధి దశలన్నీ వరుసగా నడిపించే సాఫ్ట్‌వేర్‌ను) రూతా కాలే, ఈశ్వర్‌చంద్ర 2021లో అందరికీ ఇచ్చారు. కొరత నేర్పించేవాళ్ళది.

ఒక ఉదాహరణ. మొదట 3సి48 లాంటి కాలిబ్రేటర్ (కొలతలు సరిచూసుకోవడానికి వాడే, ముందే బాగా తెలిసిన రేడియో మూలం) డేటాను తెరిచి, ఒక్కో యాంటెన్నా ఫేజ్ గీతను (తరంగం ఏ దశలో అందిందో చూపే గ్రాఫ్‌ను) చూడాలి. గీత సాఫీగా పోతుంటే సరే. డబ్ల్యూ01 అనే యాంటెన్నా గీత మధ్యలో ఎగిరి దూకిందనుకోండి, ఆ కాసేపటి డేటాను తీసేయాలి. అది అలాగే వదిలేస్తే చివరి చిత్రంలో ప్రకాశవంతమైన మూలం చుట్టూ చారలు పడతాయి. అదేదో గెలాక్సీ నుంచి వచ్చిన జెట్ (వేగంగా చిమ్మే పదార్థ ధార) అని కుర్రాడు సంబరపడతాడు. ఏది తీసేయాలి, ఎంత తీసేస్తే ఎక్కువవుతుంది అనేది మాన్యువల్‌లో రాసిపెట్టినంత మాత్రాన రాదు, పక్కన కూర్చుని చూపించాలి.

వర్ణపటం:
మాస్టారు చెప్పిన ప్రమాదమే నా భయం కూడా. అర్థం కాకుండా బటన్ నొక్కేవాళ్ళు పెరిగితే తప్పుడు ఆవిష్కరణలూ పెరుగుతాయి. అలాంటప్పుడు కోడ్ తెలిసినవాళ్ళ దగ్గర ఉండటమే మేలు కదా?

ధ్రువతార:
వర్ణపటం గారూ, శుక్రగ్రహంపై ఫాస్ఫీన్ గొడవ గుర్తుందా? 2020 సెప్టెంబరులో ఆ వాయువు 100 కోట్లకు 20 పాళ్ళు ఉందని ప్రకటించింది తెలిసినవాళ్ళే. ఆ వాయువు జాడ ఒక గీతగా కనిపించే స్పెక్ట్రమ్‌లో వంకరను సరిచేయడానికి వాళ్ళు 12వ ఘాతపు బహుపదిని వాడారు. డేటా, స్క్రిప్టులు అందుబాటులో ఉండబట్టే నెదర్లాండ్స్ బృందం అదే దారిలో నడిచి చూసింది. ఆ పద్ధతి లేని గీతలను కూడా పుట్టించగలదని తేల్చింది. ఆ పరిశీలనకు వాడిన టెలిస్కోపుల్లో ఒకటైన ఆల్మా అబ్జర్వేటరీ తన కాలిబ్రేషన్‌లో లోపాన్ని గుర్తించి డేటాను మళ్ళీ శుద్ధి చేసింది. తర్వాత మొదటి బృందమే తన అంకెను బాగా తగ్గించుకుంది. ఫాస్ఫీన్ ఉందా లేదా అన్నది ఇంకా చర్చలోనే ఉంది, కానీ వాదన ఇప్పుడు నిర్దిష్టమైన గీత మీద, నిర్దిష్టమైన లెక్క మీద జరుగుతోంది. కోడ్ దాచి ఉంటే 'మేం చూశాం', 'మాకు కనబడలేదు' దగ్గరే ఆగిపోయేది.

మూడో ఏడు గారూ, మీ భయం న్యాయమైనదే. పేపర్ ఆమోదం పొందేదాకా కోడ్ ఇవ్వమని ఎవరూ అడగకూడదు. ఆ తర్వాత ఇచ్చిన కోడ్‌కు పేపర్‌తో సమానంగా ఉద్యోగాల్లో విలువ కట్టాలి. జవాబులివ్వడం మీ ఒక్కరి నెత్తిన పడకూడదు, టెలిస్కోప్ నడిపే సంస్థే జీతమిచ్చి మనిషిని పెట్టాలి. మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్‌కు పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో సపోర్ట్ సెల్ పెట్టింది ఇందుకే. మాస్టారు గారు అడిగేది కూడా అక్కడే దొరకాలి.

పీహెచ్‌డీ మూడో ఏడు:
ఆమోదం తర్వాత అంటే నాకు అభ్యంతరం లేదు. అయితే విలువ కట్టే పద్ధతి ముందు రావాలి, నిబంధన తర్వాత. నిబంధనే ముందొస్తే నష్టపోయేది మాలాంటి విద్యార్థులే. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ మాస్టారు:
బాబూ, కోడ్ తర్వాతే ఇవ్వు. ఏ యాంటెన్నా డేటా ఎందుకు తీసేశావో రాసుకున్న నోట్స్ ఉంటే, పేపర్ వచ్చాక వాటిని కూడా పెట్టు. మా పిల్లలు ముందు చదివేది అదే.