స్నోమొబైల్ మొదటిసారి నడపబోతున్నాను. ఎక్కే ముందు ఏమేం చూసుకోవాలి?

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం ఇద్దరు స్నేహితులతో కలిసి మొదటిసారి స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద వెళ్తున్నాను. నేను నడపబోయే బండి వాళ్ళలో ఒకడిది. రెండు సీజన్లుగా పెద్దగా బయటికి తీయలేదు. మొన్న స్టార్ట్ చేస్తే బాగానే తిరిగిందన్నాడు. నాకు బైకు బాగా అలవాటే కానీ మంచు మీద ఏదీ నడపలేదు. దారిలో గడ్డకట్టిన చెరువొకటి దాటాలి. మాన్యువల్ తీస్తే పెద్ద పట్టిక ఉంది గానీ అందులో ఏది ప్రాణానికి సంబంధించిందో, ఏది మామూలు సర్వీసు సంగతో నాకు తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

షెడ్డు_అక్క:
తమ్ముడూ, నేను ఈ బండ్లు బాగుచేసే షెడ్డులోనే పని చేస్తాను. నా చేతికొచ్చిన బండిని ఏ వరసలో చూస్తానో అలాగే చెప్తాను.

తాళం తిప్పకముందు చూడాల్సినవి థ్రాటిల్, బ్రేకు. స్టార్ట్ కాని బండితో మనకు పోయేదేమీ లేదు. ఆగని బండి మనిషిని తీసుకెళ్ళి చెట్టుకు కొడుతుంది. అందుకే మిగతావన్నీ వీటి తర్వాతే.

కుడి హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే లీవరు ఉంటుంది, అదే వేగం పెంచే థ్రాటిల్. ఇంజను ఆపి ఉండగానే దాన్ని పూర్తిగా నొక్కి వదిలెయ్యండి. టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి మళ్ళీ చూడండి. కేబుల్ ఎక్కడైనా బిగుసుకుని ఉంటే నేరుగా ఉన్నప్పుడు తెలియదు, తిప్పినప్పుడే బయటపడుతుంది. ముందురోజు లీవరు సందులో చేరిన మంచుపొడి కాస్త వేడికి కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. పైకి ఏమీ కనబడదు. గ్లవ్ తీసి వేలితో మెల్లగా నొక్కితే లోపల గరగరమంటుంది, వదిలితే సగం దాకా వచ్చి ఒక్క క్షణం ఆగి అప్పుడు వస్తుంది. ఆ ఒక్క క్షణం చాలు మలుపులో బండి చెయ్యి దాటిపోవడానికి.

బ్రేకు ఎడమచేతి వైపు. లీవరు నొక్కితే చేతికి గట్టిగా తగలాలి. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే లైన్లో గాలి చేరిందో, ఫ్లూయిడ్ తగ్గిందో అయి ఉంటుంది. అలాంటి బండిని కదపకండి. పార్కింగ్ బ్రేకు వేసి ఉంటే తప్పకుండా తీయండి. అది పట్టి ఉండగా నడిపితే బ్రేకు కాగిపోయి, అసలు అవసరమైనప్పుడు పట్టదు.

ఇప్పుడు స్టార్ట్ చేసి, టెథర్ తాడు లాగండి, అంటే మనిషి కింద పడితే ఊడి ఇంజను ఆపే తాడు. తాడు ఊడగానే ఇంజను ఆగిపోవాలి. మళ్ళీ స్టార్ట్ చేసి, ఈసారి హ్యాండిల్ మీది కిల్ స్విచ్ నొక్కండి. దానికీ ఆగాలి. నడిపేటప్పుడు థ్రాటిల్ పట్టేస్తే ఆలోచించకుండా వేలు వెళ్ళాల్సింది ఆ స్విచ్ మీదికే. అందుకే నిలబడిన చోటే నాలుగైదుసార్లు నొక్కి చెయ్యికి అలవాటు చేసుకోండి. తాడు రెండో కొస జాకెట్‌కున్న గట్టి లూపుకు తగిలించాలి. బండికి తగిలించి వదిలేసేవాళ్ళని చూస్తుంటాను. వాళ్ళు కింద పడితే బండి ఒక్కటే ముందుకు పోతుంది.

రెండు సీజన్లు నిలబెట్టిన బండి అన్నారు కాబట్టి పక్క ప్యానెల్ తీసి, ఇంజను బలాన్ని ట్రాక్‌కు అందించే బెల్టు కూడా చూడండి, ఇంజను ఆపేసిన తర్వాతే. పగుళ్ళున్నా, అంచుల్లో నూలుపోగులు లేస్తున్నా కొత్తది వెయ్యాల్సిందే. స్పేర్ బెల్టు, దాన్ని మార్చే పనిముట్లు బండిలో ఉండాలి. గాలి లోపలికి వెళ్ళే డబ్బాలో ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి, వైర్లు కొరికి ఉంటాయి. నిలవున్న బండ్లలో ఇది మామూలే. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. కూలెంటు, టూ స్ట్రోక్ అయితే ఇంజనాయిలు, లైట్లు ఎలాగూ చూస్తారు.

రాత్రంతా బయట నిలబెడితే ట్రాక్, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టా, నేలకు అతుక్కుపోతుంది. వెనక బంపరు పట్టుకుని ఎత్తి, విడిపించాకే థ్రాటిల్ ఇవ్వండి. అతుక్కుని ఉండగా ఇస్తే కాలిపోయేది బెల్టే. ట్రాక్ తిరుగుతున్నప్పుడు బండి వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు, మంచుగడ్డలు, ట్రాక్ నుంచి ఊడిన మేకులు తూటాల్లా వస్తాయి. ముందున్న స్కీలు (మంచు మీద జారే పట్టీలు) రెండూ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడలాడితే బోల్టులు బిగించాలి.

తెల్లదారి:
అక్క బండి సంగతంతా చెప్పేశారు, నేను చెరువు గురించి రాస్తాను. నా సలహా అయితే చుట్టూ తిరిగి వెళ్ళండి, అరగంట ఎక్కువైనా సరే. తప్పదంటే, నిగనిగలాడే గట్టి కొత్త ఐసు కనీసం 5 నుంచి 7 అంగుళాల మందం ఉండాలంటారు. తెల్లగా, పాలలా కనిపించే ఐసుకు దాదాపు సగం బలమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. నిన్న ఎవరో దాటారన్నది లెక్కలోకి రాదు. ఒడ్డు దగ్గర ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. నీళ్ళు వచ్చి కలిసేచోట, వంతెన కింద, రెల్లు మొలిచినచోట పలచన. పైన మందంగా మంచు కప్పితే కింది ఐసుకు చలి తగలదు, అందుకే అక్కడ పెరగదు. డ్రిల్లుతో మీరే తొలుస్తూ, కొలుస్తూ ముందుకెళ్ళాలి.

ఐసు పిక్స్ (ఐసులో గుచ్చి పట్టుకునే మొనలున్న పిడులు) మెడలో వేసుకోండి, బ్యాగులో పెట్టుకోవద్దు. పడితే బ్యాగు తెరిచే తీరిక ఉండదు. పడ్డాక వచ్చిన వైపుకే తిరగండి, మిమ్మల్ని అందాకా మోసిన ఐసు అదే. పిక్స్ గుచ్చి, కాళ్ళు ఆడిస్తూ పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ వచ్చెయ్యండి.

మంచుమనిషి_కాదు:
మీ దారిలో కొండవాలు ఉంటే ఆరోజు హిమపాతం (వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం) హెచ్చరిక చూడకుండా కదలకండి. ఎక్కువ హిమపాతాలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే జారతాయి. కింద చదునుగా ఉన్నచోట నడుపుతున్నా పైనున్న వాలు మీ మీదికి రావచ్చు. ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవాళ్ళు ఎక్కడున్నారో సిగ్నల్‌తో తెలిపేది), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ముగ్గురి దగ్గరా ఉండాలి, అదీ బండిలో కాదు, ఒంటిమీద. వాలు మీదికి ఒకసారికి ఒక్కరే వెళ్ళాలి.

చలి గురించి ఒక మాట. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 22లా ఉంటుంది. బండి వేగమే ఆ గాలి. ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకోండి, వేలాడే మఫ్లరు వద్దు. పెట్రోలు మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా ఉంచడానికి. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

కొత్తచక్రం:
చాలా థాంక్స్ అందరికీ. చెరువు చుట్టూ తిరిగే వెళ్దామని ముగ్గురం అనుకున్నాం. ఇవాళ వెళ్ళి బండి చూశాను అక్కా. తాడు లాగితే, స్విచ్ నొక్కితే ఇంజను వెంటనే ఆగుతోంది. థ్రాటిల్ మాత్రం హ్యాండిల్ ఎడమకు తిప్పినప్పుడు మెల్లగా వస్తోంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుందిలే అంటున్నాడు స్నేహితుడు.

షెడ్డు_అక్క:
వద్దు తమ్ముడూ. వేడికి సర్దుకున్నా, టీకి ఆగిన పావుగంటలో మళ్ళీ పట్టేస్తుంది. అప్పుడు మీరు ఊరికి దూరంగా ఉంటారు. పైగా ఒక్క ఎడమకు తిప్పినప్పుడే వస్తోందంటే ఐసు ఒక్కటే కారణం అనుకోను, కేబుల్ ఎక్కడో నలుగుతోంది. హ్యాండిల్ మెడ దగ్గర అది వెళ్ళే దారి చూడమనండి. తీగ పోగులు విడిపోయి ఉంటే కేబులే మార్చాలి. బాగానే ఉంటే బండిని వెచ్చని చోట పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, కేబుల్‌కు లూబ్రికెంటు పట్టించండి. వేడినీళ్ళు మాత్రం పోయకండి, అవే మళ్ళీ లోపల గడ్డకడతాయి. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చెయ్యొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన కూడా ఉండదు.

ఆ పని అయ్యాక ఓ రాత్రి బయట చలిలో వదిలేసి, పొద్దున హ్యాండిల్ రెండు వైపులా తిప్పి నొక్కి చూడండి. అప్పుడూ టక్కున వస్తేనే శనివారం దాని మీద కూర్చోండి, లేకపోతే వేరే బండి అడగండి. బ్రేకు లీవరు ఎంతదాకా వస్తోందో మీరు రాయలేదు, అదీ చూసి చెప్పండి.