అప్‌డేట్: డబ్ల్యూ124లో 230ఈ నా, 250డీ నా?

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పాత మెర్సిడెస్ డబ్ల్యూ124 కొంటున్నాను, పెట్రోల్ 230ఈ, డీజిల్ 250డీలలో ఏది తక్కువ తాగుతుందని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. చివరికి 250డీ తీసుకున్నాను, ఐదు గేర్ల మాన్యువల్. మా ఫ్రెండ్ దగ్గర 230ఈ ఆటోమేటిక్ ఉండటంతో పోల్చి చూసే వీలు దొరికింది. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో లెక్క వేశాం.

ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద గంటకు 120 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోతే వంద కిలోమీటర్లకు నాది సుమారు 7 లీటర్లు తాగింది, వాడిది 9. అసలు తేడా ఊళ్లో తెలిసింది: నాది 8.5, వాడిది 12 దాటింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డీజిల్ చాలా తక్కువ తాగుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో లోపలికొచ్చే గాలిని థ్రాటిల్ అనే మూత అడ్డుకుంటుంది కాబట్టి, ఆ గాలి పీల్చుకోవడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. అయితే వాడి నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో ఓవర్‌డ్రైవ్ (హైవే వేగంలో ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు) లేదు. అందుకే హైవే తేడా మొత్తాన్ని ఇంజన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. 150 దాటించి తోలితే మాత్రం నా ఇంజన్‌లోని 94 గుర్రాలు (హార్స్‌పవర్) ఆయాసపడతాయి, మైలేజీ కూడా మాయం!

పన్ను సంగతి అడిగినవాళ్లకు: 30 ఏళ్లు దాటిన బండికి హెచ్ నంబర్ ప్లేట్ (పాతకాలపు బండి అని గుర్తించి ఇచ్చేది) వస్తే ఏ ఇంజనైనా ఏడాదికి 191.73 యూరోలే. అది లేకపోతే డీజిల్ బండితో ఆదా అయిన డబ్బంతా పన్నుకే పోతుంది. నాది 1991 మోడల్, ప్లేట్ వచ్చేసింది. ఇక గ్లో ప్లగ్గులు (చల్లటి డీజిల్ ఇంజన్‌ను స్టార్ట్ చేసేముందు వేడి చేసేవి) మార్చాలి, చలికి పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తోంది.