ఎంఎంఎ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్: దెబ్బలూ పట్లూ కలిసిన పోరాటం) పోటీలు మన సొంత సాధనకు మేలు చేశాయా, చెరుపు చేశాయా?

నిదానం:
బరిలో నిరూపణ కాని విద్య ఉత్తదేనన్న తీర్పు ఈ మధ్య చాలా శిక్షణశాలల్లో వినిపిస్తోంది. పోటీకి దిగే ఉద్దేశమే లేకుండా, వారంలో వీలైన పూటలు సాధన చేసుకునేవారు ఆ తీర్పును ఎందుకు తలకెత్తుకోవాలో నాకు అర్థం కావడం లేదు. ఎంఎంఎ ఏకీకృత నియమావళి కళ్లలో పొడవడాన్నీ, గజ్జల్లో తన్నడాన్నీ, తల వెనుక కొట్టడాన్నీ, వేళ్లను ఒక్కొక్కటిగా పట్టి విరచడాన్నీ నిషేధించింది. ఆత్మరక్షణకు పనికొచ్చే మెళకువలను పక్కన పెట్టి, మిగిలినవాటితో ఆడే ఆటను చూపించి మొత్తం విద్యకు వెల కట్టడం న్యాయమేనా?

పట్టూవిడుపూ:
నిదానం గారూ, నిషేధాల మాట నిజమే. అయితే 1882లో జూడోను స్థాపించిన జిగోరో కానో కూడా ఈ పనే చేశారు. ప్రమాదకరమైన దెబ్బలను ముందే నిర్ణయించిన కదలికల వరుస అయిన కతాకు పరిమితం చేసి, మిగిలిన పట్లను ఎదురు తిరిగే మనిషి మీద అభ్యసించే రందోరికి సాధనలో పెద్దపీట వేశారు. కన్ను పొడిచే మెళకువను తోటి సాధకుడి మీద నిజంగా ప్రయోగించి చూడలేం కనుక, అది పట్టుబడిందో లేదో నేర్చినవారికీ తెలియదు, నేర్పినవారికీ తెలియదు. ఎంఎంఎ ఈ పాత సంగతినే అందరి కళ్ల ముందు పెట్టింది. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఎ పోటీ)లో బరువు తరగతులే లేవు. నేల మీద పట్లతో పోరాడే బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్చిన, సుమారు 80 కిలోల రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన ముగ్గురిని ఒకే రాత్రి లొంగదీశాడు. నిలబడి కొట్టడమే పోరాటమనుకున్నవారు, కింద పడితే ఏం చేయాలన్న ప్రశ్నను ఆ తర్వాత తప్పించుకోలేకపోయారు. నేను కరాటే మానలేదు గానీ, నన్ను పడదోయాలని చూసేవారిని నిలువరించడం, పడితే లేవడం నా సాధనలో చేరాయి.

ఆవలిగట్టు:
బరిలో ఏది గెలిస్తే దాన్ని నేర్చుకోవాలనుకోవడం దగ్గరే నాకు పేచీ. తొలినాళ్లలో పట్ల పోరాటమైన గ్రాప్లింగ్ ముందు కరాటే నిలవదన్నారు. ఆపైన షోటోకాన్ కరాటే నుంచి వచ్చిన లియోటో మచిడా 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ విజేత అయ్యాడు. 2011లో ఆండర్సన్ సిల్వా, మచిడా ఇద్దరూ ముఖానికి సూటిగా తగిలిన ముందు తన్నులతో పోటీలు ముగించాక, కరాటేలో మొదట్లోనే నేర్పే ఆ తన్నుకు మళ్లీ గిరాకీ వచ్చింది. బరిని చూసి దాన్ని వదిలేసినవారు బరిని చూసే మళ్లీ వెతుక్కున్నారు!

ఎదురు తిరిగే భాగస్వామితో సాధన చేయాలన్న పాఠం మాత్రం నిలుస్తుంది, కానీ అది అన్ని విద్యలకూ ఒకేలా వర్తించదు. పట్లు పూర్తి బలంతో సాధన చేయవచ్చు, ఎందుకంటే ఓడినవారు చేత్తో తట్టగానే అవతలివారు వదిలేస్తారు. తలకు తగిలే దెబ్బకు అలాంటి విడుపు లేదు. వృత్తి పోరాటగాళ్లు ప్రతిఫలం కోసం మెదడును పణంగా పెడుతున్నారు. సరదాగా నేర్చుకునేవారు వారి స్పారింగును (తోటివారితో దెబ్బలాడే సాధనను) అనుకరించి ఏం సంపాదిస్తారు?

నిదానం:
అలాగైతే నా గుద్దుకు పరీక్ష ఎక్కడ?

ఆవలిగట్టు:
ఒంటికి గట్టిగా, తలకు తాకీ తాకనట్టుగా కొట్టే స్పారింగులో. దూరం, అదను రెండూ అందులో తేలిపోతాయి. దెబ్బ బరువు సంచి మీద తెలుస్తుంది.