‘కరోడ్’ అనే క్రియకు ‘తుప్పు పట్టు’ సరిపోతుందా?

చాలాకాలం వాడకుండా వదిలేసిన రిమోట్ వెనుక మూత తీస్తే, ఒక్కోసారి సెల్లు కారిపోయి స్ప్రింగు చుట్టూ తెల్లని పొడి గడ్డకట్టి కనిపిస్తుంది. ఆ స్ప్రింగు ‘కరోడ్’ అయిందని ఇంగ్లీషులో అంటారు. దాన్ని తెలుగులో ‘తుప్పు పట్టింది’ అని రాస్తే, కంటి ఎదుట ఉన్న తెల్లని పొడికీ, తుప్పు అనగానే మనసులో మెదిలే ఎర్రమట్టి రంగుకూ పొంతన కుదరదు. ఈ ఇంగ్లీషు క్రియకు ‘తుప్పు పట్టు’ అన్నది ఒక సందర్భంలో పనికివచ్చే మాటే తప్ప, దాని పూర్తి అర్థం కాదని నా అభిప్రాయం.

తుప్పు ఇనుముకూ ఉక్కుకూ పట్టేది. గాలిలోని ఆక్సిజన్, తడి రెండూ తగిలితే అది పుడుతుంది. ఇంగ్లీషు ‘రస్ట్’ కూడా ప్రధానంగా అంతే. రాగికీ ఇత్తడికీ పట్టే పచ్చని పొరను మనం తుప్పు అనం, చిలుము అంటాం; కొందరు కిలుము అంటారు. ‘కరోడ్’ ఈ రెండింటినీ తనలో కలుపుకొంటుంది. న్యూయార్క్‌లో 1886లో ఆవిష్కరించిన స్వేచ్ఛా ప్రతిమను చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. పైన కప్పిన పలుచని రాగి రేకులకు పచ్చని చిలుము పట్టింది, ఆ చిలుమే అడుగున ఉన్న రాగికి కవచంగా నిలిచింది. లోపల ఆ రేకులను పట్టి ఉంచే ఇనుప పట్టీల సంగతి వేరు: రాగి తగలకుండా మధ్యలో పెట్టిన పొర శిథిలమై, తడి చేరి, ఇనుము తుప్పు పట్టి ఉబ్బిపోవడంతో 1980వ దశకంలో వాటిని తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు అమర్చవలసి వచ్చింది. ఇంగ్లీషు రచయిత రెండుచోట్లా ఒకే మాట వాడగలడు. తెలుగు రచయిత ఒకచోట చిలుము అని, మరొకచోట తుప్పు అని రాయాలి. ఇది మన భాషకు లోటు కాదు, కంటికి కనిపించే తేడాను మాటలోనే నిలుపుకొన్న నేర్పు.

‘కరోడ్’ లాటిన్ నుంచి వచ్చిన మాట. అందులోని ధాతువు ‘రోడెరె’కు కొరకడం అని అర్థం, ఎలుక జాతి ప్రాణులను ‘రోడెంట్’ అనడం, నేల కోతకు గురికావడాన్ని ‘ఎరోడ్’ అనడం కూడా ఆ ధాతువు నుంచే. (మన ‘కొరుకు’తో ధ్వని కలవడం కేవలం కాకతాళీయం.) కాబట్టి ఈ క్రియ ప్రాణం రంగులోనో పొరలోనో లేదు, కొంచెం కొంచెంగా కొరుక్కు తినడంలో ఉంది. తెలుగువారు రోజూ అనే ‘ఉప్పుగాలి ఇనుమును తినేసింది’ అన్న మాట ఈ మూలార్థానికి ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

వాక్య నిర్మాణంలో కూడా చిక్కు ఉంది. ‘తుప్పు పట్టు’ అన్నప్పుడు మార్పుకు లోనయ్యే వస్తువును మాత్రమే చెబుతాం: గేటుకు తుప్పు పట్టింది. ‘కరోడ్’ అలా కూడా నడుస్తుంది, తినే పదార్థాన్ని కర్తగా పెట్టుకొని కూడా నడుస్తుంది. ‘ఆమ్లం గొట్టాన్ని తినేసింది’ అంటే వాక్యం సాఫీగా సాగుతుంది. ‘ఆమ్లం గొట్టానికి తుప్పు పట్టించింది’ అంటే పంటి కింద రాయిలా తగులుతుంది. గాఢ ఆమ్లాల సీసాలపై ఉండే హెచ్చరిక గుర్తును దగ్గరగా చూడండి: పైనుంచి కారుతున్న ద్రవం ఒకవైపు లోహపు ముక్కను, మరొకవైపు మనిషి చేతిని తినేస్తున్నట్టు గీసి ఉంటుంది. అక్కడి ‘కరోజివ్’ అన్న మాటను ‘తుప్పు పట్టించేది’ అని అనువదిస్తే చదివినవారు ఇనుము గురించే జాగ్రత్తపడి చెయ్యి పెట్టే ప్రమాదం ఉంది. ‘చర్మాన్నీ లోహాన్నీ తినివేసే ద్రవం’ అని విడమరచి రాయడమే క్షేమం.

పాఠ్యపుస్తకాలలోని ‘లోహక్షయం’ నామవాచకంగా చక్కని మాట, శాస్త్ర వ్యాసాలలో దానినే వాడాలి. దాన్ని క్రియగా మార్చి ‘క్షయం చెందింది’ అన్నప్పుడు మాత్రం వాక్యం బరువెక్కుతుంది.

అలంకారిక ప్రయోగంలో ‘రస్ట్’, ‘కరోడ్’ రెండూ పూర్తిగా విడిపోతాయి. వాడక మూలపడిన విద్యకు, సాధన తప్పిన గొంతుకు తుప్పు పడుతుంది. అక్కడ దోషం వాడకపోవడానిది, కాస్త సాన పడితే పూర్వపు మెరుపు వస్తుంది. ‘కరోడ్’ అన్నచోట మాత్రం తినేది ఒకటి ఉండి తీరాలి. ఇద్దరి మధ్య నమ్మకం ‘కరోడ్’ అయిందన్న వాక్యాన్ని ‘నమ్మకం తుప్పు పట్టింది’ అని రాస్తే వారు కొంతకాలం కలుసుకోలేదేమో అనిపిస్తుంది. ‘అనుమానం వారి నమ్మకాన్ని లోలోపలే తొలిచేసింది’ అని రాస్తే చెప్పదలచుకున్నది చేరుతుంది.