సగెజూబాకో మీది బంగారు పని గురించి ఒక సందేహం

ప్రశ్న:
జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) కలిగినవారు చెర్రీ పూల విహారానికి వెంట తీసుకువెళ్లిన సగెజూబాకోల ఛాయాచిత్రాలను పరిశీలిస్తున్నాను. పైన పిడి ఉన్న చట్రంలో దొంతరగా అమరే ఆహారపు పెట్టెలు, సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) సీసాలు, చిన్న పళ్లాలు ఒద్దికగా ఇమిడి ఉన్నాయి. కొన్నింటి మీద బంగారు పూలు ఉబ్బెత్తుగా లేచి ఉండగా, మరికొన్నింటి మీద నల్లని పూతతో సమంగా కలిసిపోయి ఉన్నాయి. రెండూ ఒకే పద్ధతిలో చేసినవేనా? ఆరుబయట వాడే సామానుకు ఇంత సున్నితమైన అలంకరణ ఎలా నిలిచేది?

జవాబు 1:
రెండూ మకి-ఎ రకాలే. ఉరుషి చెట్టు పాలతో బొమ్మ గీసి, అది తడిగా ఉండగానే సన్నని గొట్టంతో బంగారు పొడిని చల్లుతారు. బొమ్మకు అడుగున ముందే ఎత్తు కట్టి ఆ పైన పొడి చల్లితే అది తకమకి-ఎ. తొగిదషి మకి-ఎలో మాత్రం చల్లిన పొడి గట్టిపడ్డాక మొత్తం మీద మళ్లీ ఉరుషి పూసి, బంగారం తిరిగి బయటపడేదాకా బొగ్గుతో అరగదీస్తారు. పదేపదే చేతులు తగిలే పెట్టెకు ఈ రెండోదే తగినదని నా అభిప్రాయం, ఎందుకంటే గోటికి తగిలే అంచు అందులో ఉండదు.

జవాబు 2:
మన్నికకు మూలం పూతలోనే ఉంది. ఉరుషి తడి ఆవిరైపోయి ఆరేది కాదు. గాలిలో తగినంత తేమ ఉన్నప్పుడే అందులోని ఎంజైమ్ ఆక్సిజన్ సాయంతో ఉరుషిలోని ముఖ్య పదార్థమైన ఉరుషియోల్‌ను గట్టిపరుస్తుంది. అందుకే పూత వేసిన వస్తువును తేమగా ఉంచిన అరలో పెడతారు. అలా గట్టిపడిన పూత నీటికీ సాకేకూ లొంగదు. ఎండకు మాత్రం తట్టుకోలేదు: అతినీలలోహిత కిరణాలకు మెరుపు మాసిపోతుంది. విహారం ఏడాదిలో ఏ కొద్ది రోజులకో పరిమితం కావడం ఆ పెట్టెల అదృష్టమనాలి!

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కొన్ని మూతల లోపలి వైపు బంగారు చుక్కలు చెదురుమదురుగా మెరుస్తున్నాయి. అదీ మకి-ఎయేనా?

జవాబు 1:
దానిని నషిజి అంటారు. పలుచని బంగారు రేణువులను వెదజల్లి, వాటి మీద పసుపు ఛాయ గల పారదర్శకమైన ఉరుషి పూసి నునుపు చేస్తారు. భూతద్దంతో చూసినప్పుడు రేణువులు వేర్వేరు లోతుల్లో, వేర్వేరు వాలుల్లో కనిపించాలి. అన్నీ ఒకే తలంలో, ఒకే తీరుగా ఉంటే అది అచ్చు వేసినది కావచ్చు.