పాట వినేటప్పుడు శ్రుతి తగ్గుతోంది, చిటపట శబ్దం వస్తోంది: లోపం రికార్డింగులోనా, వినిపించడంలోనా?

గోదావరి గట్టు:

అందరికీ నమస్కారం. మా అమ్మగారు పాడే పెళ్ళిపాటలు, మంగళహారతులు కొన్ని మా బంధువుల్లో మరెవరికీ రావు. వాటిని ఆమె గొంతులోనే భద్రపరచాలని రెండు నెలలుగా ఇంట్లో రికార్డు చేస్తున్నాను. ఒక కండెన్సర్ మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే, రెండు ఇన్‌పుట్‌లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, విండోస్ 11 లాప్‌టాప్, ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాము నా దగ్గరున్న సరంజామా. హెడ్‌ఫోన్లను ఇంటర్‌ఫేస్‌కే పెట్టుకుని వింటాను. మొదటి 20 పాటల వరకు ఏ ఇబ్బందీ రాలేదు.

పది రోజుల క్రితం ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌ను తీసివేసి మళ్ళీ వేశాను. లాప్‌టాప్‌లో చోటు చాలక ఒక బయటి హార్డ్ డిస్కు కూడా కొని, దానినీ ఇంటర్‌ఫేస్‌నూ కలిపి ఒకే యూఎస్‌బీ హబ్‌కు పెట్టాను. ఇప్పుడు ప్రాజెక్టులన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. అప్పటి నుంచి ప్లే నొక్కగానే ‘ఎర్రర్ ఓపెనింగ్ సౌండ్ డివైస్’ అనే సందేశం, దాని కింద మైనస్ 9997 అనే సంఖ్య వచ్చేవి. ప్రాజెక్టు రేటునూ, ట్రాకు పక్కనుండే మెనూలో ‘రేట్’ అన్నచోటనూ 48000 తీసేసి 44100 పెట్టిన తరువాత సందేశం పోయింది, పాట వినిపించింది. కానీ అమ్మ రెండు చరణాలు విని, "ఇది నా గొంతు కాదు నాయనా, ఎవరో బరువుగా పాడుతున్నట్టుంది" అన్నారు. ఆమె ఎప్పుడూ ఎలక్ట్రానిక్ తంబురాను ఐదు శ్రుతిలో పెట్టుకుని పాడతారు. అదే తంబురాను రికార్డు పక్కన మోగిస్తే రెండూ కలవడం లేదు. దీనికి తోడు మధ్యమధ్య చిటపటమని శబ్దం వస్తోంది. రికార్డింగులే చెడిపోయాయేమోనని భయంగా ఉంది. ఆమెకు 78 ఏళ్ళు, అన్నీ మళ్ళీ పాడమని అడగలేను. దయచేసి దారి చూపండి.

నాలుగో గది:

అయ్యా, ముందుగా ధైర్యంగా ఉండండి. మీరు రాసినదాన్ని బట్టి శ్రుతి విషయంలో మీ రికార్డింగులకు ఏమీ కాలేదు. మీరు చెప్పినవి మూడు వేరువేరు లోపాలు. వాటిని ఒకటే అనుకుని సరిచేయబోతే ఒకదానికి చేసిన మార్పు రెండోదాన్ని పుట్టిస్తుంది. మీకు జరిగిందీ అదే.

శ్రుతి సంగతి మొదట చూద్దాం. 48000 రేటులో రికార్డు చేయడమంటే సెకనుకు 48 వేల సార్లు ధ్వని విలువను కొలిచి రాసుకోవడం, ఆ ఒక్కో కొలతే ఒక శాంపిల్. ట్రాకు మెనూలోని ‘రేట్’ ఆ విలువలను కొత్తగా లెక్కగట్టదు, ఉన్నవాటినే సెకనుకు 44,100 చొప్పున చదవమని మాత్రమే చెబుతుంది. చదివే వేగం తగ్గినందువల్ల పాట సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఎంత దిగుతుందో లెక్క కూడా చెప్పవచ్చు: ఈ రెండు రేట్ల నిష్పత్తి ఒకటిన్నర స్వరస్థానాలకు రవ్వంత తక్కువ. ఐదు శ్రుతిలో పాడిన పాట దాదాపు సరిగ్గా నాలుగుకూ నాలుగున్నరకూ నడుమ పడుతుంది. హార్మోనియం మీద ఆ చోట మెట్టే లేదు కాబట్టి మీ తంబురాను ఏ శ్రుతికి మార్చినా కలవదు. నిడివి చూసినా ఇది తెలుస్తుంది. 12 నిమిషాల పాట ఇప్పుడు 13 నిమిషాల 4 సెకన్లు చూపిస్తుంది. ట్రాకు మెనూలో తిరిగి 48000 పెట్టండి, అమ్మగారి గొంతు వెనక్కి వస్తుంది. ఎప్పుడైనా నిజంగానే 44100 కావాలంటే ట్రాక్స్ మెనూలోని ‘రీశాంపుల్’ వాడాలి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ రేటు ఎంచుకోవాలి. అప్పుడు శ్రుతి మారదు.

ఇక ఆ సందేశం. మైనస్ 9997 అంటే ‘శాంపిల్ రేటు చెల్లదు’ అని అర్థం. డ్రైవర్ మళ్ళీ వేసినప్పుడు విండోస్‌లో ఆ పరికరానికి ఉన్న రేటు 44100కు మారిపోయి ఉంటుందని నా అంచనా. విండోస్ మీటను, ఆర్ (R) మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ (mmsys.cpl) అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయండి. తెరుచుకున్న కిటికీలో ప్లేబ్యాక్ ట్యాబులో మీ ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుని, ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబులో 48000 పెట్టండి. తరువాత రికార్డింగ్ ట్యాబుకు వెళ్ళి అక్కడా అదే రేటు పెట్టండి. చాలామంది ఒకచోట మార్చి రెండోచోటు మరచిపోతారు. అదే పేజీలో పరికరాన్ని ఒక్క ప్రోగ్రామే పూర్తిగా చేజిక్కించుకునేందుకు అనుమతించే గడి ఉంటుంది, దానిలోని టిక్కు తీసేయండి. చివరగా ఆడాసిటీలో ప్రాజెక్టు రేటు 48000 చేసి, ట్రాన్స్‌పోర్ట్ మెనూలో ‘రీస్కాన్ ఆడియో డివైసెస్’ నొక్కండి.

చిటపట గురించి చెప్పేముందు ఒక పరీక్ష చేసి ఫలితం రాయండి. ఒకే పాటను రెండుసార్లు వింటూ, శబ్దం వచ్చిన ప్రతిసారీ నిమిషం, సెకను కాగితం మీద వేసుకోండి. రెండుసార్లూ అదే చోట వస్తే లోపం ఫైలులో ఉంది. చోటు మారుతూ ఉంటే ఫైలు శుభ్రంగానే ఉంది, కంప్యూటర్ దాన్ని సమయానికి అందించలేకపోతోంది.

పాతబస్తీ మైకు:

పై సమాధానం చదివాక నాకు తోచింది ఇదొక్కటే: ఏసియో డ్రైవర్ (ప్రోగ్రాముకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య ధ్వనిని నేరుగా చేరవేసేది) పెట్టుకుని, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లో బఫర్‌ను, అంటే ధ్వనిని ముందుగా కొంత నిల్వ చేసుకునే చోటును, 128 నుంచి 512కు పెంచండి. నా దగ్గర చిటపట దానితోనే పోయింది.

నాలుగో గది:

@పాతబస్తీ మైకు, మీరు వాడే ప్రోగ్రాము వేరే అయి ఉంటుందండీ. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ తెచ్చిన ఏసియో పద్ధతి చాలా మంచిదే. కానీ దాని లైసెన్సు షరతులు కుదరక, ఆడాసిటీ 3 వరుస వెర్షన్లలో మామూలుగా దింపుకునే ప్యాకేజీలో ఏసియోను చేర్చలేదు. గోదావరి గట్టు గారు ఏసియో బఫరును ఎంత పెంచినా ఆడాసిటీ ఆ దారిలో వెళ్ళదు. వీరు చూడవలసింది ప్రిఫరెన్సెస్‌లోని ఆడియో సెట్టింగ్స్‌లో ఉన్న ‘బఫర్ లెంగ్త్’. అది మొదట 100 మిల్లీసెకన్లు ఉంటుంది, వినడానికి మాత్రమే అయితే 200 చేసినా నష్టం లేదు.

గోదావరి గట్టు:

మీరు చెప్పినట్టే చేశాను. ట్రాకు రేటు 48000కు మార్చగానే తంబురా, అమ్మ గొంతు ఒక్కటయ్యాయి. రెండు ట్యాబులలోనూ రేటు సరిచేశాక సందేశం మళ్ళీ రాలేదు. రికార్డింగ్ ట్యాబులో 48000 ఉంది కానీ ప్లేబ్యాక్‌లో 44100 ఉంది, మీ అంచనా నిజమే.

కాగితం పరీక్ష కూడా చేశాను. మొదటిసారి ఏడుచోట్ల, రెండోసారి ఐదుచోట్ల శబ్దం వచ్చింది. 4 నిమిషాల 12వ సెకనులో మాత్రం రెండుసార్లూ వచ్చింది, మిగిలినవి ఒకదానితో ఒకటి కలవలేదు. ఆ ఫైలును ఫోనులో వేసి విన్నా ఆ ఒక్కచోటే టప్పుమంది.

వాన చినుకు:

అయితే మీకు రెండూ ఉన్నాయి. ఒక్కచోటే వచ్చేది రికార్డు చేసేటప్పుడే పడింది, దానికి కారణం ఆ హబ్ అనిపిస్తోంది. ఆడాసిటీ 3లో ప్రాజెక్టు మొత్తం ఒకే ఏయూపీ3 ఫైలుగా ఉంటుంది, పాడుతున్నంతసేపూ దానిలోకి రాస్తూనే ఉంటుంది. మైకు నుంచి లోపలికి వచ్చేదీ, డిస్కుకు బయటికి వెళ్ళేదీ ఒకే తీగ మీద నడిస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇంటర్‌ఫేస్‌ను నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి, పాడేటప్పుడు లాప్‌టాప్ లోపలి డిస్కులోనే రాయండి, తరువాత కాపీ చేసుకోండి.

చోటు మారే చిటపటకు నా అనుభవంలో వైఫై డ్రైవర్, బ్యాటరీ ఆదా చేసే పవర్ సెట్టింగు ఎక్కువగా కారణమవుతాయి. చార్జర్ పెట్టి, వైఫై ఆపి ఒకసారి వినండి. తేడా కనిపిస్తే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామును పది నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ ఎంతసేపు ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుంటోందో పేరుతో సహా చూపిస్తుంది.

ఆ 4:12 దగ్గరి దెబ్బకు మళ్ళీ పాడించనక్కరలేదు. ఆ చోట తరంగం చుక్కచుక్కగా విడివిడిగా కనిపించేంతవరకు జూమ్ చేయండి. గీత ఒక్కసారిగా పైకి లేచి పడిన ముక్కను మాత్రమే ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో ‘రిపేర్’ నొక్కండి. ఎంపిక 128 శాంపిళ్ళకు మించకూడదు, మించితే అది పనిచేయదు. 48000 రేటులో 128 శాంపిళ్ళంటే సెకనులో 375వ వంతు, అంత చిన్న అతుకు చెవికి తెలియదు. ముందు అసలు ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవడం మరవకండి.

గోదావరి గట్టు:

వాన చినుకు గారూ, వైఫై ఆపగానే చిటపట పూర్తిగా ఆగింది, కలిపితే మళ్ళీ వచ్చింది. లేటెన్సీమాన్‌లోనూ వైఫై డ్రైవర్ పేరే అన్నిటికన్నా పైన ఉంది. లాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్ వేసి నిన్న రాత్రి మూడు పాటలు వైఫై ఆపకుండానే విన్నాను, ఒక్క శబ్దమూ రాలేదు. 4:12 దగ్గర జూమ్ చేస్తే నున్నగా సాగుతున్న గీత మధ్యలో ఒక్క నిట్టనిలువు మేకులాంటిది కనిపించింది. దాని చుట్టూ 60 శాంపిళ్ళు ఎంచుకుని రిపేర్ నొక్కాను. హబ్ తీసేశాను, ప్రాజెక్టులను లోపలి డిస్కుకు మార్చాను. ఇంకా 14 పాటలు మిగిలాయి, వాటిని ఆదివారం ఉదయం నుంచి మొదలుపెడతాము.