వేరుశనగ ప్రోటీన్ ఫిల్మ్: ప్లేటు మీద పనిచేస్తోంది, పన్నీర్ మీద చేయడం లేదు

అనంత_ఫుడ్‌టెక్:
అందరికీ నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టుకి, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క నుంచి తీసిన ప్రోటీన్‌తో ఫిల్మ్ (తిండికి చుట్టే పల్చటి పొర) పోస్తున్నా. పీహెచ్ 9 దగ్గర కరిగించి, మెత్తదనానికి గ్లిజరాల్ కలిపి వేడి చేసి, చల్లారాక లవంగ నూనె వేసి ఆరబెడుతున్నా. లేత తేనె రంగులో, వంచినా విరగకుండా చక్కగా వస్తోంది. బాక్టీరియా పెంచే అగార్ ప్లేటు మీద ఫిల్మ్ బిళ్ళ పెడితే ఈ-కోలై, స్టాఫ్ అనే రెండు బాక్టీరియాలకీ బిళ్ళ చుట్టూ తేటగా, అవి పెరగని జోన్ పడుతోంది. అదే ఫిల్మ్ పన్నీర్‌కి చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మాత్రం మామూలు కవర్లో పెట్టినదానితో పాటే జిగురు వస్తోంది. పైగా ఫిల్మ్ మెత్తబడి ముక్కకి అతుక్కుపోతోంది. మా ఊళ్లో గానుగ చెక్కంతా పశువుల దాణాకే పోతుంది. దానికి ఇంకాస్త మంచి ధర పలికే పని ఏదైనా చూపించాలని నా పట్టుదల. నూనె మోతాదు పెంచమంటారా?

రిటైర్డ్_క్యూసీ:
పెంచొద్దమ్మా. పన్నీరంతా లవంగాల ఘాటు పట్టి ఎవరూ నోట పెట్టరు. లవంగ నూనెలో పనిచేసేది యూజినాల్. అది నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతుంది. అగార్‌లో కొవ్వు లేదు కాబట్టి నేరుగా బాక్టీరియాకి తగిలింది. పన్నీర్‌లో కొవ్వు దండిగా ఉంటుంది, పాల ప్రోటీన్లూ దాన్ని పట్టేసుకుంటాయి. ఇక ఫ్రిజ్ చలిలో జిగురు తెచ్చేవి ఎక్కువగా సూడోమోనాస్ రకం బాక్టీరియా, మొండివి. నువ్వు ప్లేటు మీద పెట్టింది వాటిని కాదు. నైసిన్ (తిండి పాడవకుండా వేసే, బాక్టీరియాని చంపే పదార్థం) వేయమని ఎవరైనా చెప్పొచ్చు. ఒంటరిగా అది గ్రామ్ పాజిటివ్, అంటే బయట అదనపు పైపొర లేని బాక్టీరియాకే పనికొస్తుంది. సూడోమోనాస్ గ్రామ్ నెగటివ్, ఆ పైపొరని వదులు చేసే ఈడీటీఏ లాంటి తోడు లేకపోతే నైసిన్ దాన్ని దాటి లోపలికి పోలేదు.

ప్రోటీన్ ఫిల్మ్ ఆక్సిజన్‌ని బాగా ఆపుతుంది, కానీ పొడిగా ఉన్నంతసేపే. తడి తగిలితే ఉబ్బుతుంది, గ్లిజరాల్ ఇంకా నీటిని లాగుతుంది. నేనైతే పన్నీర్ వదిలేసి బ్రెడ్ తీసుకుంటా. బ్రెడ్‌కి బూజు పైనే పడుతుంది, యూజినాల్ ఆవిరిగా కూడా అక్కడికి చేరుతుంది. ఫిల్మ్‌ని ముక్కకి తగలనివ్వకుండా డబ్బా మూత లోపల అంటించి చూడు. పక్కన నూనె వేయని ఫిల్మ్‌తో ఒక డబ్బా తప్పకుండా పెట్టు.

ల్యాబ్‌గీత:
చెక్క ఎక్కడిది? బూజు పట్టిన కాయలుంటే అఫ్లాటాక్సిన్ (బూజు చేసే విషం) నూనెలోకి పోయేది కొద్దే, ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ప్రోటీన్ తీసినా వెంట వస్తుంది. ముందు చెక్కకి పరీక్ష చేయించండి, ఆ తర్వాతే తిండి దగ్గరికి తీసుకెళ్లండి. వేరుశనగ అలర్జీ ప్రాణం మీదికి వస్తుంది, ప్యాకెట్ మీద రాయాల్సిందే. సోయా, గోధుమ గ్లూటెన్‌తో చేసినా ఈ అలర్జీ తిప్పలు ఉంటాయి.

అనంత_ఫుడ్‌టెక్:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. గింజలు ఏరి ఆడించే గానుగ నుంచి చెక్క తెచ్చి పరీక్షకి పంపిస్తా. సార్, ఆరబెట్టేటప్పుడే నూనె ఆవిరైపోతోందేమో?

రిటైర్డ్_క్యూసీ:
కొంత పోతుందమ్మా. ఓవెన్ వద్దు, గది వేడిలోనే ఆరనివ్వు. ఆరిన ఫిల్మ్‌లో యూజినాల్ ఎంత మిగిలిందో జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో) కొలిపించి, బ్రెడ్ పని ఆ అంకె వచ్చాకే మొదలుపెట్టు.